డప్పు - కుల వివక్ష

డప్పు తెలుగువారి జానపద చర్మవాద్యాలలో ముఖ్యమైనది. దీనిని తయారు చేయడం, వాయించడం ప్రధానంగా మాదిగ కులస్థుల వృత్తిగా తరతరాలుగా వస్తున్నది. గ్రామదేవత కొలుపు, జాతర, పెళ్లి, చావు, చాటింపు - వీటిలో ఏదియు డప్పు లేకుండా జరిగేది కాదు. అయినను డప్పు వాయించే మనిషిని ఊరు అంటరానివానిగా చూసింది. గుడి ముందు అతని వాద్యం మ్రోగవలెను, గుడిలోకి అతడు రాకూడదు. డప్పు మరియు దానితో ముడిపడిన దళితుల మతాచారాలు, కళలు ఎదుర్కొన్న కుల వివక్షను గురించి ఈ వ్యాసం తెలుపుతుంది.

ఈ వివక్షకు రెండు ముఖాలు ఉన్నవి. మొదటిది నిర్బంధం: ఊరి కోసం డప్పు వాయించడం మాదిగల విధి, కాదనే హక్కు వారికి లేదు. రెండవది నిషేధం: అదే డప్పును తమ పెళ్లికి, తమ ఊరేగింపుకు, తమ పండుగకు ఊరి వీధులలో వాయించుకొనబోతే అడ్డగింపు. ఒకే వాద్యం ఒకరి కోసమైతే తప్పనిసరి, తమ కోసమైతే నేరం అయినది. ఆంధ్రదేశంలో డప్పు చుట్టూ జరిగిన పోరాటాలన్నియు ఈ రెండింటి నుండే పుట్టినవి.

వాద్యం - తయారీ

డప్పును ప్రాంతాన్ని బట్టి పలక, తప్పెట, కనకతప్పెట అని కూడా పిలుస్తారు. గుండ్రని కలప చట్రానికి ఒక వైపు మాత్రమే తోలు బిగించి దీనిని తయారు చేస్తారు. సాధారణంగా మేకతోలు వాడుతారు. తోలును సున్నంలో నానబెట్టి, వెండ్రుకలు తొలగించి, శుభ్రపరచి, చింతగింజల నుండి తీసిన జిగురుతో చట్రానికి అతికిస్తారు. తోలు ఎంపిక, నానబెట్టే కాలం, బిగింపు - ఈ మూడింటి మీద నాదం ఆధారపడి ఉంటుంది. ఈ పని అనుభవం ద్వారా మాత్రమే వచ్చే విద్య.

డప్పును ఎడమ భుజానికి తగిలించుకొని రెండు పుల్లలతో వాయిస్తారు. కుడి చేతిలోని పొట్టి, లావు పుల్లను చిర్ర లేదా సిర్ర అని, ఎడమ చేతిలోని సన్నని పొడుగు పుల్లను చిటికెన పుల్ల అని అంటారు. వాయించుటకు ముందు గడ్డిమంట వేసి డప్పును కాచుతారు. వేడికి తోలు బిగిసి నాదం ఖంగుమంటుంది. వాయింపులోని తాళగతులను దరువులు అంటారు. పెళ్లికి ఒక దరువు, చావుకు మరొక దరువు, అమ్మవారి కొలుపుకు ఇంకొక దరువు, చాటింపుకు వేరే దరువు ఉన్నవి. ఊరిలో ఏమి జరుగుతున్నదో దరువును బట్టి పొలంలో ఉన్నవారు కూడా తెలుసుకొనేవారు.

గ్రామ జీవితంలో డప్పు స్థానం

పాత గ్రామ వ్యవస్థలో డప్పుకు మూడు రకాల పనులు ఉండెడివి.

మొదటిది పాలనకు సంబంధించినది. శిస్తు వసూలు, వేలంపాట, అధికారుల రాక, అంటువ్యాధుల హెచ్చరిక వంటివి డప్పు చాటింపు ద్వారానే ప్రజలకు చేరేవి. దీనినే టముకు వేయడం, దండోరా వేయడం అని కూడా అంటారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో స్థిరాస్తి జప్తును, వేలాన్ని డప్పు కొట్టి గాని మరొక ఆచార పద్ధతిలో గాని ప్రకటించవలెనని నియమం ఉన్నది. అనగా న్యాయస్థానపు ఉత్తరువు సైతం గ్రామంలో చెల్లుబాటు కావడానికి డప్పు అవసరమైనది. ఆ డప్పును వాయించిన వానికి మాత్రం ఆ గ్రామపు చావిడి అరుగు మీద కూర్చొనే వీలు లేదు.

రెండవది మతపరమైనది. పోలేరమ్మ, గంగానమ్మ, ముత్యాలమ్మ, మారెమ్మ, మహాలక్ష్మమ్మ మొదలైన గ్రామదేవతల కొలుపులలో మాదిగలకు, మాలలకు నిర్దిష్టమైన విధులు ఉండెడివి. డప్పులతో అమ్మవారిని ఊరేగించడం, బలి కార్యంలో పాల్గొనడం, పొలిమేర చుట్టూ పొలి చల్లడం వారి పనులు. బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో వెలువరించిన దక్షిణ భారత గ్రామదేవతల గ్రంథంలోను, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ విల్బర్ ఎల్మోర్ 1915లో వెలువరించిన గ్రంథంలోను తెలుగు జిల్లాల కొలుపులలో ఈ కులాల పాత్ర వివరంగా నమోదైనది. ఊరికి కలరా గాని మశూచి గాని వచ్చినపుడు అమ్మవారిని శాంతింపజేయగలవారు వీరేనని ఊరంతా నమ్మేది.

మూడవది కుటుంబ శుభాశుభాలకు సంబంధించినది. ఇతర కులాల ఇండ్లలో పెళ్లికి, చావుకు మాదిగలు డప్పు వాయించవలెను. దీనికి ప్రతిఫలం సాధారణంగా కళ్లం వద్ద కొలిచే కొద్దిపాటి ధాన్యం, పండుగ నాటి అన్నం, పాత బట్టలు. కొన్ని గ్రామాలలో ఈ సేవలకు చిన్న ఇనాం భూములు కూడా ఉండెడివి.

వివక్ష రూపాలు

నిర్బంధ సేవ: డప్పు వాయించడం వెట్టిలో భాగం. కబురు వచ్చిన వెంటనే చేతిలోని కూలిపనిని వదలి వెళ్లవలెను. ఎంత సేపు వాయించవలెనో, ఎంత ఇవ్వవలెనో నిర్ణయించేది పిలిచినవారే. డప్పుతో పాటు చచ్చిన పశువులను ఈడ్చుకొని పోవడం, చెప్పులు, మోట తోళ్లు కుట్టి ఇవ్వడం కూడా ఇదే కట్టుబాటులో చేరి ఉండెడివి.

వెలుపలి స్థానం: ఉత్సవంలో మాదిగల స్థానం ఊరేగింపుకు ముందు, గుడికి వెలుపల. కొలుపు పూర్తి అయ్యే వరకు వారి ఉనికి అవసరం. ప్రసాదం పంచే వేళకు వారు దూరంగా నిలబడి, పైనుండి వేసిన దానిని పట్టుకొనవలెను. దళితులు చేసే పూజ ఊరి రక్షణకు పనికి వచ్చేది, వారి స్పర్శ మాత్రం మైల అయ్యేది.

ఊరేగింపులపై ఆంక్షలు: దళితుల పెళ్లికొడుకు గుర్రం ఎక్కి గాని, బండి మీద గాని, మేళతాళాలతో ఊరి వీధులగుండా పోవడానికి అనేక గ్రామాలలో ఒప్పుకొనేవారు కారు. దళితవాడలోని అమ్మవారి ఊరేగింపు కూడా వాడ హద్దులలోనే ముగియవలసి వచ్చేది.

నిరాకరణకు శిక్ష: డప్పు వాయించమని చెప్పిన వారికి సాంఘిక బహిష్కరణ ఎదురయ్యేది. కూలిపనులకు పిలవకపోవడం, దుకాణాలలో సరుకులు అమ్మకపోవడం, పొలం గట్ల మీద నడవనీయకపోవడం, వారితో మాట్లాడిన వారికి జరిమానా విధించడం దీని సాధారణ రూపాలు. భూమి లేని కుటుంబానికి ఇది ఆకలితో సమానం. డప్పును గురించిన వివక్ష నిలిచింది నమ్మకం మీద మాత్రమే కాదు, కూలి కోసం భూస్వామిపై ఆధారపడవలసిన స్థితి మీద కూడా.

భాషలోను ఈ చిన్నచూపు కనిపిస్తుంది. స్వోత్కర్షను 'సొంత డప్పు' అనడం, ఒకరిని పొగిడేవారిని 'డప్పు కొట్టేవారు' అనడం వాడుకలో ఉన్నది. పరుల కోసం జీవితమంతా డప్పు వాయించిన వారి విద్య ఇట్లు ఎగతాళి మాటగా మిగిలినది.

మాతంగి ఆచారం

గ్రామదేవతల ఆరాధనలో దళితుల స్థానం ఎంత విచిత్రమైనదో మాతంగి ఆచారం తెలుపుతుంది. మాతంగిగా ఎంపికైన మాదిగ స్త్రీ జాతర సమయంలో అమ్మవారి అంశగా పరిగణింపబడేది. ఆమె పూనకంతో ఆడుతూ అగ్రకులాల వారిని తాకుతూ, తిడుతూ, వారిపై కల్లు ఉమ్మేది. దానిని వారు పవిత్రంగా స్వీకరించేవారు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ఒంగోలు ప్రాంత మాదిగలను గురించి వ్రాసిన గ్రంథంలోను, ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాలలోను ఈ ఆచార వర్ణన ఉన్నది.

జాతర ముగిసిన మరునాడు ఆమె తిరిగి అంటరానిదే. ఒక్క రోజు తలక్రిందులైన కుల నియమం మిగిలిన సంవత్సరమంతా యథాతథంగా నడిచేది. కనుక ఈ ఆచారాన్ని సమానత్వానికి నిదర్శనంగా చెప్పుట సరికాదు. దేవత పేరిట స్త్రీలను అంకితం చేసే బసివి, మాతమ్మ, జోగిని ఆచారాలలో బలి అయిన వారిలో అత్యధికులు దళిత స్త్రీలే. వీటిని నిషేధిస్తూ ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1988లో దేవదాసీ వ్యవస్థ నిషేధ చట్టం చేసినది.

ఆశ్రిత కులాలు - జాంబపురాణం

మాదిగలను ఆశ్రయించి జీవించే కళాకారుల కులాలు అనేకం ఉన్నవి. చిందు, డక్కలి, మాస్టిన్, గోసంగి, బైండ్ల, నులక చందయ్య మొదలైనవి వీటిలో ముఖ్యమైనవి. వీరు మాదిగల కుల పురాణాన్ని చెప్పి, ఆడి, పాడి, వారి నుండి కట్నం పొందుతారు. చిందువారు యక్షగానం ఆడుతారు. డక్కలివారు బొమ్మలు వేసిన పటాన్ని చూపుతూ కథ చెబుతారు.

జాంబపురాణం మాదిగల కుల పురాణం. దీని ప్రకారం మూలపురుషుడైన జాంబవంతుడు భూమి పుట్టుకకు ముందే జన్మించినవాడు. వశిష్ఠుని భార్య అరుంధతి తమ ఆడపడుచు అని మాదిగలు చెప్పుకొంటారు. అరుంధతీయులు, జాంబవులు అనే పేర్లకు మూలం ఇదే. చిందువారి ప్రదర్శనలో జాంబవంతునికి, బ్రాహ్మణునికి మధ్య పుట్టుక, పెద్దరికం గురించి వాదన జరుగుతుంది. చదువుకు దూరం చేయబడిన ఒక జాతి తన గౌరవాన్ని నోటి మాటగా, ఆటగా కాపాడుకొన్న తీరు ఇందులో చూడవచ్చును. ఊరి పురాణ కాలక్షేపాలలో మాత్రం ఈ పురాణానికి చోటు దొరకలేదు.

కుల వ్యవస్థ మెట్లు దళితుల లోపల కూడా ఉన్నవి. డక్కలివారిని మాదిగలు తమ ఇండ్లలోకి రానిచ్చేవారు కారు. వారు మాదిగవాడకు వెలుపల గుడారాలు వేసుకొని ఉండవలసి వచ్చేది. వివక్షకు గురైన వారే మరొకరిని దూరం ఉంచడాన్ని దళిత రచయితలు, ఉద్యమకారులు కూడా విమర్శించారు.

ఈ కళాకారులకు ప్రభుత్వ గుర్తింపు ఆలస్యంగా లభించినది. డక్కలి కులానికి చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు ప్రకటించబడినవి. పురస్కారం వచ్చిన రెండేండ్లకు మొగిలయ్య జీవనం కోసం కూలిపనికి వెళ్తున్నట్లు పత్రికలలో వార్తలు వచ్చినవి.

కృష్ణా జిల్లా ఎగువ ప్రాంతం

నందిగామ, కంచికచర్ల, జగ్గయ్యపేట ప్రాంతం ఉమ్మడి కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ 4 నుండి ఇది ఎన్టీఆర్ జిల్లాలో భాగం. కృష్ణా డెల్టా వలె కాలువ నీరు పుష్కలంగా లేని ఈ ప్రాంతంలో పత్తి, మిరప వంటి మెట్ట పంటలు ప్రధానం. మునేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లు ఈ ప్రాంతపు పెద్ద ఉత్సవం. చుట్టుపక్కల ఊళ్ల నుండి వచ్చే ప్రభల ముందు డప్పుల మేళాలు సాగుతాయి.

దళితుల మత జీవితంలో ఈ ప్రాంతానికి ప్రత్యేక స్థానం ఉన్నది. రాఘవాపురానికి చెందిన మాల కుల పెద్ద పాగోలు వెంకయ్య విగ్రహారాధన పట్ల విశ్వాసం కోల్పోయి, బెజవాడలోని చర్చి మిషనరీ సొసైటీ మతబోధకుడు టి. వై. డార్లింగ్‌ను కలిసి, 1859లో కుటుంబంతో సహా బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట అనేక దళిత కుటుంబాలు క్రైస్తవంలో చేరినవి. అదే సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో స్థాపించిన పాఠశాలలో అగ్రకులాల బాలురకే ప్రవేశం ఉండేది. గుడిలో లేని చోటును వెదుకుతూ వెళ్లిన వారికి బడిలో కూడా వెంటనే చోటు దొరకలేదు.

1917 నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగినది. తాము పంచములము కాము, ఈ దేశపు ఆదివాసులైన ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించినది. దళితులు ప్రవేశిస్తారేమోనన్న భయంతో ఆ రోజులలో కనకదుర్గ ఆలయాన్ని మూసివేశారు.

1968 ఫిబ్రవరి 24న కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుని, ఇత్తడి పాత్రలు దొంగిలించాడన్న ఆరోపణపై కట్టివేసి, కిరసనాయిలు పోసి సజీవంగా దహనం చేశారు. ఈ సంఘటన దేశవ్యాప్తంగా సంచలనం కలిగించి పార్లమెంటులో చర్చకు వచ్చినది. దీనికి డప్పుతో నేరుగా సంబంధం లేదు. కాని గ్రామ కట్టుబాటును మీరినట్లు భావింపబడిన దళితునికి ఎంతటి శిక్ష పడగలదో ఇది చూపినది. చావుకు డప్పు వాయించను అనే మాట ఒక కుటుంబం నోట ఎందుకు సులభంగా రాదో అర్థం కావడానికి ఈ నేపథ్యం అవసరం.

కవి, అనువాదకుడు కలేకూరి ప్రసాద్ (1964-2013) స్వగ్రామం కంచికచర్ల. ఆయన రచించిన 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' కవిత తెలుగు దళిత కవిత్వంలో ప్రసిద్ధి పొందినది. 2009 నుండి నందిగామ శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డు కులాలకు కేటాయించబడినది.

క్రైస్తవం - డప్పు

ఒంగోలు కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ వద్దకు మాదిగలు పెద్ద సంఖ్యలో వచ్చారు. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకొనుటతో ఈ ఉద్యమం మొదలైనది. 1878 జూలై 3న ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజింపకూడదు అని క్లౌ మూడు నియమాలు పెట్టాడు.

ఈ మూడు నియమాలు మాదిగల గ్రామ సేవను నేరుగా తాకినవి. విగ్రహారాధన మానడమంటే గ్రామదేవత ముందు డప్పు వాయించడం మానడమే. గ్రామ పెద్దలు దీనిని మతాంతరంగా కంటె పని ఎగగొట్టడంగా చూశారు. క్రైస్తవులైన మాదిగల బట్టలు ఉతకవద్దని చాకలికి, కుండలు అమ్మవద్దని కుమ్మరికి ఆజ్ఞలు జారీ అయినవి. పశువులను ఉమ్మడి బీడులలో మేపనీయలేదు. చెప్పుల పని ఇవ్వలేదు, కోతలకు పిలవలేదు. ఈ వివరాలు క్లౌ తన జీవిత చరిత్రలో వ్రాసినవే.

మరొక వైపు మిషనరీలు కూడా డప్పును అన్యమత చిహ్నంగా చూసి విడిచిపెట్టమన్నారు. ఈ విధంగా డప్పు ఊరివారి దృష్టిలో మైల, మిషనరీల దృష్టిలో పాపం అయినది. దానిని ఒక సంగీత విద్యగా ఎవరు కూడా గుర్తించలేదు.

క్రైస్తవ దళితులకు స్వాతంత్ర్యానంతరం మరొక సమస్య ఎదురైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకు మాత్రమే పరిమితమైనది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవంలో చేరిన దళితులు ఆంధ్ర ప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'సి' వర్గంలో ఉన్నారు. మతం మారినను మారని కుల వివక్షను ఈ హోదా ఎట్లు పరిగణించవలెననే విషయం పరిశీలనకై కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె. జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించినది.

చట్టాలు

మద్రాసు రాష్ట్రంలో 1938లో సాంఘిక అనర్హతల తొలగింపు చట్టం, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చినవి. అప్పుడు కృష్ణా జిల్లా ఆ రాష్ట్రంలోనిదే. భారత రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసినది. 23వ అధికరణం వెట్టిని నిషేధించినది.

1955లో అస్పృశ్యతా నేరాల చట్టం అమలులోకి వచ్చినది. 1976లో దీనిని సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చారు. మత, సాంఘిక, సాంస్కృతిక ఊరేగింపులలో పాల్గొనకుండ గాని, వాటిని జరుపుకొనకుండ గాని అంటరానితనం కారణంగా అడ్డుకోవడం ఈ చట్టం ప్రకారం నేరం. చచ్చిన పశువులను తీయడం వంటి పనులు చేయమని నిర్బంధించడం కూడా నేరమే.

1989లో చేసిన షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30న అమలులోకి వచ్చినది. 2016 జనవరి 26 నుండి అమలైన సవరణలో ఈ విషయాలు మరింత స్పష్టంగా చేర్చబడినవి:
- వెట్టి చేయించడం, పశువుల కళేబరాలు మోయించడం, గోతులు త్రవ్వించడం
- పెళ్లి ఊరేగింపును, పెళ్లిలో గుర్రం లేదా వాహనం ఎక్కడాన్ని అడ్డుకోవడం
- ఆలయ ప్రవేశాన్ని, జాతరలు సహా మత, సాంస్కృతిక ఊరేగింపులను అడ్డుకోవడం
- దళితులు పవిత్రంగా భావించే వస్తువులను పాడుచేయడం
- సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం

ఈ జాబితాలోని ప్రతి అంశం వెనుక ఏదో ఒక గ్రామంలో జరిగిన అనుభవం ఉన్నది. నిర్బంధం, నిషేధం రెండింటిని ఒకే చట్టం నేరాలుగా గుర్తించడం గమనించదగినది.

ఉద్యమాలలో డప్పు

డప్పును ఏమి చేయవలెను అనే విషయమై దళితులలో రెండు అభిప్రాయాలు ఉన్నవి. డప్పు బానిసత్వానికి గుర్తు కనుక విడిచిపెట్టవలెను అన్నది మొదటి అభిప్రాయం. 1927 మార్చిలో మహారాష్ట్రలోని మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసాన్ని, హీనమైన గ్రామ సేవలను విడనాడమని చెప్పిన మార్గం ఇదే. అనేక గ్రామాలలో చదువుకొన్న యువకులు చావుకు డప్పు వాయించము అని తీర్మానించుకొన్నారు.

డప్పు తమ పూర్వీకుల విద్య, దానిని హీనపరచినది కులమే గాని వాద్యం హీనమైనది కాదు, కనుక తలెత్తుకొని వాయించవలెను అన్నది రెండవ అభిప్రాయం. 1972లో ఏర్పడిన జననాట్యమండలి డప్పును వేదిక మీదకు తెచ్చినది. గద్దర్ పాటలతో డప్పు దరువు రాష్ట్రమంతటా వినిపించినది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ మాదిగ నాయకత్వాన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఆవిర్భవించినది. ఈ ఉద్యమానికి దండోరా అనే పేరు స్థిరపడినది. ఒకప్పుడు ఇతరుల ఆజ్ఞలను చాటిన వాద్యం పేరు తమ హక్కులను చాటే ఉద్యమానికి పేరు అయినది. పేరు చివర కులాన్ని చెప్పుకొనుటకు సంకోచించిన వారు ఈ ఉద్యమంలో 'మాదిగ' అని బాహాటంగా చేర్చుకొన్నారు.

షెడ్యూల్డు కులాల వర్గీకరణ ఈ ఉద్యమపు ప్రధాన కోరిక. ఆంధ్ర ప్రదేశ్ 2000లో చేసిన వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసినది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉన్నదని తీర్పు ఇచ్చినది. 2025లో తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలు రెండును వర్గీకరణను అమలుకు తెచ్చినవి.

రెండు అభిప్రాయాలు పైకి విరుద్ధంగా కనిపించినను మూలం ఒక్కటే. డప్పు వాయించడమా మానడమా అనేది వాయించే వాని ఇష్టం కావలెను అన్నది ఆ మూలం.

సాహిత్యంలో

గుర్రం జాషువా 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యంలో నాయకుడు అరుంధతీ వంశస్థుడైన దళితుడు. గుడిలోకి తనకు ప్రవేశం లేనందున, ఏ అడ్డు లేకుండ గుడిలో తిరుగగల గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి తన మొర పంపుతాడు. ఎండ్లూరి సుధాకర్ 'మల్లెమొగ్గల గొడుగు' కథలలో మాదిగల జీవితాన్ని వారి యాసలోనే చిత్రించాడు. ఆయన 'కొత్త గబ్బిలం' పేరుతో కావ్యం కూడా రచించాడు. 1990ల దళిత కవిత్వంలో డప్పు, చిర్ర, చెప్పు, ఆరె అనే మాటలు అవమాన చిహ్నాలుగా కాక ఆత్మగౌరవ చిహ్నాలుగా ప్రవేశించినవి.

ఇతర ప్రాంతాలతో పోలిక

తమిళనాడులో పరై వాద్యం, కర్ణాటకలో హలగె, మహారాష్ట్రలో హల్గీ డప్పును పోలినవి. వీటిని వాయించేవారు కూడా ప్రధానంగా దళితులే. పరై వాద్యం పేరు నుండి వచ్చిన కులనామం ఆంగ్ల భాషలో 'వెలివేయబడినవాడు' అనే అర్థంలో స్థిరపడినది.

తోలు వల్ల మైల అనే వాదన శాస్త్రీయ సంగీతానికి వర్తించలేదు. మృదంగం కూడా తోలుతోనే తయారవుతుంది. దాని మీద వాయించే విద్వాంసునికి సభలో గౌరవం లభించగా, తయారు చేసిన వారి పేరు చాలాకాలం మరుగున ఉన్నది. మృదంగ తయారీదారులైన దళిత క్రైస్తవ కుటుంబాలను గురించి టి. ఎం. కృష్ణ 2020లో ఒక గ్రంథం ప్రచురించాడు. దాని ఆవిష్కరణకు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర ఉపసంహరించుకొన్నది. మైల అనేది తోలులో గాక మనిషి కులంలో చూడబడినదని ఈ పోలిక వలన తెలుస్తుంది.

ప్రస్తుత స్థితి

టముకు చాటింపు స్థానాన్ని మైకులు, ఫోనులు ఆక్రమించినవి. ప్లాస్టిక్ తొడుగుల డప్పులు రావడంతో తోలు డప్పు తయారు చేసేవారు తగ్గినారు. డప్పు బృందాలు రాజకీయ సభలలో, పెళ్లిళ్లలో, అంబేద్కర్ జయంతి ఊరేగింపులలో ముందుగా మాట్లాడుకొన్న రుసుముపై వాయిస్తున్నవి. పిలిస్తే వెళ్లే వెట్టికి, ఒప్పుకొంటే వెళ్లే వృత్తికి మధ్య ఉన్న తేడా ఇదే.

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలసరి పింఛను ఇస్తున్నది. 2024లో ఈ పింఛను రూ. 4,000 అయినది. దీనితో డప్పు వాయించేవాడు ప్రభుత్వ పత్రాలలో కళాకారుడుగా నమోదైనాడు.

వివక్ష సమసిపోలేదు. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో దళితులు నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని తొలగించిన పిమ్మట వారిపై సాంఘిక బహిష్కరణ అమలైనది. ఊరి నడుమ తమ చిహ్నం నిలుపుకొనే హక్కు, ఊరి వీధిలో తమ డప్పు వాయించుకొనే హక్కు ఒకటే. మొదటిది అడ్డగింపబడినంత కాలం రెండవది పూర్తిగా లభించినట్లు చెప్పలేము.

ఇవి కూడా చూడండి
- కంచికచర్ల
- మాదిగ
- చిందు భాగవతం
- జాంబపురాణం
- కలేకూరి ప్రసాద్
- గబ్బిలం (పద్యకావ్యం)
- భాగ్యరెడ్డి వర్మ